ఎనిమిదో మూత

ముందుగాల జర నడిపించాలె దీన్ని.
సల్లటి నూనె మొండిది, జాగల్నుంచి కదలదు.
ఐదు నిమిషాలు ఉత్తగ తిప్పితె
పొట్ట గోరువెచ్చగైతది, అప్పుడు ఇడుస్తది.
ఆపి, ప్లగ్గు టోపీ గుంజి పక్కకు పెట్టిన.
వేళ్లు దగ్గరున్నప్పుడు మిషన్‌ను నమ్మొద్దు,
అది ఎంత మంచిదైనా.

లాలాగూడ రైల్వే క్వార్టర్ల ఎనక
పొద్దుగాల ఏడు.
రాత్రి వాన ఇంక గడ్డి మీదనే ఉన్నది.
తడిగడ్డి దారానికి చుట్టుకుంటది,
అందుకని ఇయ్యాల మొదటి గంట నూనెది.

భిక్షపతి కొత్త పోరడు, పందొమ్మిదేండ్లు.
"పెట్రోల్ల కలుపుతరు గదన్నా నూనె?"
అది టూ స్ట్రోకుల, అన్న.
అది పెట్రోలుతోటే నూనె తాగి
పొగతోటే ఊదేసేది,
ఏ రోజు బాకీ ఆ రోజే తీర్చి
వాసనంత నా అంగీతోని ఇంటికి పంపేది.
ఇది ఫోర్ స్ట్రోకు. దీని నూనె దీని కడుపులనే.
తిరిగిందే తిరుగుడు,
ఎవ్వలకు కనబడకుంట నల్లబడుడు.

మూత తిప్పి పక్కకు వంచిన.
సగానికి కోసిన నీళ్ల సీసల
సన్నటి ధార.
పోసిన్నాడు తేనె రంగు,
ఇప్పుడు కాటుక డబ్బీ అడుగు.
సీసను ఎండకు పట్టి తిప్పితె
లోపల రవ్వలు మెరిసినయి.
"బంగారమా?" నవ్విండు పోరడు.

ఇనుము.
రాణీగంజ్ ఖదీర్ భాయ్ అమ్మిన్నాడే చెప్పిండు:
"కొత్తల లోపలి సామాను
ఒకదాన్నొకటి ఒరుసుకుంట జాగ చేసుకుంటది మల్కన్నా,
రాలిన పొడి నూనె మోస్తది.
మొదటి నూనె జల్దీ మార్చు,
తర్వాతది జర ఆగినా ఆగుతది."

కొత్త నూనె కొలుచుటానికి
నా బిడ్డ దగ్గుమందు మూత.
మూతకు పది ఎమ్మెల్లు, ఎనిమిది మూతలు.
ఎన్నిసార్లు కడిగినా ద్రాక్షపండు వాసన పోదు.
ఒకటి. రెండు. చెయ్యి వణకకుంట మూడు.
ఐదో మూతకు ఫోను మోగింది, సూపర్వైజర్:
నాలుగో బ్లాకు ముందట పామట,
గడ్డి ఇంక ఎందుకు కోయలేదట.
భుజంతోని ఫోను ఒత్తిపట్టి అవును సార్, లేదు సార్,
చేతులు వాటి పని అవి చేసినయి,
లెక్క నేను ఇడిసిపెట్టిన.

"ఆరు," అన్న.
"ఏడన్నా," అన్నడు పోరడు.
తక్కువైతె పట్టేస్తది, ఎక్కువైతె పొగ కక్కుతది.
మిషన్‌ను సాపుగ పెట్టి, పుల్ల తుడిచి, ముంచి తీసిన.
పై గీతకు ఇంక ఎంట్రుకంత.
ఏడే.
"ఎనిమిదోది నువ్వు పొయ్యి," అని మూత ఇచ్చిన.
నాలిక బయటపెట్టి పోసిండు,
ఒక్క బొట్టు కింద పడనియ్యలే.

నల్ల నూనె సీస పట్టుకొని మోరీ దిక్కు నడిస్తె
ఒక్క కేక ఏసిన.
ఆ మోరీ నీళ్లే కింద బస్తీల ఇండ్ల ముందటికెల్లి పోతయి.
కొంచెం బట్టకు అద్ది గేటు బందులకు పూసినం,
ఏడాది సంది ఏడుస్తున్న గేటు అది.
మిగిలింది మూతపెట్టి ఖదీర్ భాయ్ డ్రమ్ముకు.

"ఇదంత ఏడ నేర్చినవన్నా?"
ఏం చెప్పాలె.
మొదటి ఫోర్ స్ట్రోకు నా చేతులనే పోయింది.
లోపల నూనె ఉంటదనే తెల్వదు నాకు.
నడెండల వయ్యారిభామ కోస్తుంటె
కీసుమని అరిచి, బిగుసుకుపోయింది.
నేను గడ్డి కోసిన, కాంట్రాక్టరు జీతం కోసిండు,
మూడు నెలలు.
ఇంట్ల మాత్రం మిషనే పాడుదని చెప్పిన.

"ఒకదాన్ని సంపితె తెలుస్తది," అన్న.
పోరడు నవ్విండు, మజాక్ అనుకున్నడు.

ప్లగ్గు టోపీ పెట్టిన. తాడు గుంజిన.
మూడో గుంజుడుకు అందుకున్నది.
గడ్డి ఇంక తడిగనే ఉన్నది.
పాము అటే ఉన్నదో, పోయిందో.