వాలుగ దవడ

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర
మోటారు పంపుల షాపు మీద గది.
ఆదివారం మధ్యాహ్నం మూడింటికి
నలుగురం కూర్చుంటాం
చిటికెన వేలంత సైన్యం ముందు.

తోడేలు మీదెక్కిన మరుగుజ్జు ఒకడు,
మూడు తలల పాము ఒకటి,
పేరు లేని మంత్రగత్తె.
ఆమె చేతికర్ర వంకరపోతే
వేడినీళ్ళలో ముంచి నిటారు చేశాం మొన్న.

ఈ వయసులో బొమ్మలేంటని ఇంట్లో అడుగుతారు.
బ్యాంకులో రోజంతా నోట్లు లెక్కపెట్టే వేళ్ళివి,
వారానికొక పూటైనా వీటికి
లెక్కలేని పని కావాలని
ఎలా చెప్పను?

కూర్మారావు పళ్ళు కడతాడు,
పెద్దాసుపత్రి ఎదురు సందులో.
మైనం చెక్కే పనిముట్లు మాకోసం మోసుకొస్తాడు.
"రంగు పాలలా ఉండాల, పెరుగులా కాదు.
ఒక్కసారే దిట్టంగా పూస్తే మొహం పూడిపోద్ది గురూ.
పల్చగా నాలుగుసార్లు. ఆరనీ. మళ్ళీ."
ఆరనీ అనడం తేలికే.
వానాకాలం తేమ కళింగపట్నం మీంచి వచ్చి
డ్రాగన్ రెక్క మీద కూర్చుంటుంది,
స్ప్రే కొట్టిన తెలుపంతా ఉప్పురవ్వ అయిపోతుంది.

ఎండాకాలం బాధ ఇంకోటి, చుక్క రంగు నిమిషంలో పెచ్చు.
అక్కడ మాత్రం నా మాట చెల్లింది:
నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడుపుకునే స్పాంజి,
దాని మీద వెన్నకాయితం పరిచి
రంగు అక్కడ కలుపుకుంటే
దీపాలు పెట్టేదాకా ఎండదు.

అసిరినాయుడు లారీల వెనక నెమళ్ళు వేసేవాడు.
అంత చెయ్యి ఇంత బుగ్గ మీదికి దిగడం
చూడాలి.
కుంచెలో రంగంతా పాత కాయితానికి ఇచ్చేసి
మిగిలిందేదో, ఉందో లేదో అన్నంత,
గొలుసు చొక్కా మీద అలా విసిరితే
ఒక్కో కడియం విడివిడిగా వెలిగింది.
"ఎలా చేసినావు నాయుడూ?"
"ఏటీ లేదు బావూ, దుమ్ము దులిపినాను."

ఢిల్లేశ్వరి పొందూరు నుంచి బస్సులో వస్తుంది,
ఎక్కువ మాట్లాడదు.
ఒకరోజు సంచిలోంచి పొట్లం విప్పింది.
వాలుగ చేప దవడ.
వాళ్ళ మామ్మ పత్తి ఏకేది దాంతోనే,
సన్నటి పళ్ళు, వరసలు వరసలు.
పచ్చి పుట్టీ మీద దాన్ని మెల్లగా లాగింది.
తోడేలుకి బొచ్చు మొలిచింది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
కింద ఎవరో పంపు ఆన్ చేసి చూస్తున్నారు,
బల్లంతా సన్నగా అదిరింది.
కూర్మారావు ఆ దవడని వెలుతురులో పట్టుకుని
వృత్తి మర్యాదతో పళ్ళు లెక్కపెట్టాడు,
ఎనభై దాటాక వదిలేశాడు.

నాకు కళ్ళు రావు.
మంత్రగత్తెకి ఐదుసార్లు పెట్టి ఐదుసార్లు తుడిచాను.
ఒకసారి మెల్లకన్ను, ఒకసారి కప్ప,
ఒకసారి అచ్చం మా ఆడిటరు.
నలభై ఏడేళ్ళ చూపు, కాఫీ ఎక్కువైన చెయ్యి.

"రెండు మణికట్లూ ఆనించండి సార్," అంది ఢిల్లేశ్వరి,
"ఊపిరి వదిలేశాక, మళ్ళీ పీల్చకముందు
కూసింత ఖాళీ ఉంటాది. అప్పుడు పెట్టండి.
మా మామ్మ తెగిన పోగు అతికేది
ఆ ఖాళీలోనే."

వదిలాను.
అది అంత పెద్దదని తెలీదు నాకు.
ఏడు రోడ్ల హారన్లు
ఒక్కటీ పైకి రాలేదు.

ఎడమ కన్ను కుదిరింది.
కుడిది కొంచెం పైకి పోయింది,
ఏదో గుర్తొచ్చి ఆగిన మనిషిలా.
తుడవబోతే నాయుడు కుంచె లాక్కున్నాడు.
"ఉండనీండి బావూ. ఆవిడేదో ఇంటన్నాది."

ఇప్పుడామె నా క్యాష్ కౌంటర్లో
గుండుసూదుల డబ్బా పక్కన నిలబడింది.
పింఛనుకి వచ్చిన ముసలమ్మ
అద్దం కిందనుంచి వంగి చూసింది.
"ఈ గుంటెవుర్తి బావూ?"
పేరింకా పెట్టలేదన్నాను.
"కర్ర బాగా పెట్టినావు," అని
తన కర్ర గోడకి ఆనించి
వేలిముద్ర వేసింది.