నలభై ఆరు

ఐదున్నరకి జక్కూరులో ఇంకా మసక చీకటి.
షెడ్డు తలుపు కీచుమంటే
లోపల అది, తోక నేలకానించి, ముక్కు పైకెత్తి,
పిలిచారా అన్నట్టు.

పేరు పుష్పక్.
పురాణంలో దానికి ఎందరెక్కినా
మరొకరికి చోటుంటుందట.
దీనికి రెండే సీట్లు.
చెన్నిగప్ప పక్కన కూర్చుంటే
నా చేతిసంచి ఒళ్లో పెట్టుకోవాలి.

బ్యాంకులో ముప్పై రెండేళ్లు అప్పులిచ్చాను,
లారీలకి, బోర్లకి, కోళ్లఫారాలకి.
రిటైరయ్యాక నాకు నేను శాంక్షన్ చేసుకున్నది
ఇదొక్కటే.
వాచ్‌మన్ అడుగుతాడు, మైలేజి ఎంతిస్తుంది మేడం.
చెల్లెలు అడుగుతుంది, ఈ వయసులో ఇదేం పిచ్చే.
ఇద్దరికీ ఒకటే జవాబు:
గంటకి ఇరవై లీటర్లు.

నిజానికి ఎగరేసేది తక్కువ.
విప్పేది, తుడిచేది, బిగించేది,
సంతకాల కోసం తిరిగేది ఎక్కువ.
ఒక రబ్బరు వలయం కోసం ఏడు నెలలు చూశాం.
వచ్చింది. సైజు తప్పు.
ఇంజను కింద రేకు పళ్లెంలో నూనె చుక్కలు.
కారితే దిగులొద్దు మేడం, ఆగిపోతే చెప్పండి,
లోపల లేదని అర్థం, అంటాడు చెన్నిగప్ప
కన్నడంలో మొదలెట్టి తెలుగులో ముగిస్తూ.

పోయిన వానాకాలం
ఎడమ రెక్క గుడ్డ మీద వేలు పెడితే
వేలు లోపలికి పోయింది.
మొత్తం ఒలిచేశాం.
శివాజీనగర్‌లో సోఫాలు కుట్టే బాబాజాన్ వచ్చాడు,
వంకర సూది, మైనం పట్టించిన దారం తెచ్చుకుని.
తిన్నాక మిగిలిన చేపముల్లులా రెక్క.
అందులో దూలం, పాత స్ప్రూస్ చెక్క,
దాని మీద పెన్సిల్ రాత.
తెలుగు.

పాలు 9
బాడుగ 18
శెట్టికి 14
పాప పోగులు 6
కింద గీత. గీత కింద 46.

పేరు లేదు, తారీకు లేదు.
అరవై ఏళ్ల కిందట ఇదే బెంగళూరులో
టీ గంట ముగిసేలోగా
ఎవరో, కాగితం దొరక్క,
రెక్కని పద్దుపుస్తకం చేశాడు.
ఇంకెవరో వచ్చి గుడ్డ కప్పేశారు.

రెండుసార్లు కూడి చూశాను. నలభై ఏడు.
బ్యాంకు వేళ్లు కదా, మూడోసారీ కూడాయి.
ఒక్క రూపాయి తేడాతో
ఇది నందికొండ చుట్టూ తిరిగింది,
ఎందరో కుర్రాళ్లకి భయం నేర్పింది,
ఇన్‌స్పెక్షన్లన్నీ దాటింది.

బాబాజాన్ సూది పక్కన పెట్టి అడిగాడు,
పోగులు కొన్నాడంటారా?

దిద్దలేదు. వార్నిష్ దాని మీదుగానే పూశాం.
గుడ్డ కప్పి, కుట్టుకొక ముడి,
డోప్ పూస్తుంటే షెడ్డంతా
మరీ మగ్గిన అరటిపళ్ల వాసన, తల దిమ్ము.
ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుంది
మంట దగ్గర కాచిన డప్పులా.
చెన్నిగప్ప వేళ్లతో కొట్టి చెవి ఆనించాడు.
చాలు, అన్నాడు.
ఇంకో పూత వేద్దామన్నాను.
చాలన్నాను కదా మేడం.
వినకుండా వేశాను.

ఇవాళ తొలిసారి.
గాజుగొట్టంలోకి పెట్రోలు పట్టి
అడుగున నీటిపూస ఉందేమోనని వెలుగుకెత్తి చూస్తాను.
చెన్నిగప్ప ప్రొపెల్లర్ పట్టుకుని, కాలు విసిరి, తిప్పుతాడు.
రెండోసారికి దగ్గి అందుకుంటుంది.
ఎడమ మాగ్నెటో. కుడి మాగ్నెటో.
టవరు ఆగమంటుంది,
యెలహంకలో ఏదో పెద్దది దిగుతోందట.
ఆగుతాం, నేనూ ఇదీ, వణుకుతూ.
తర్వాత తోక లేస్తుంది.
తర్వాత చక్రాల చప్పుడుండదు.

కింద హెబ్బాళ దాకా కార్ల ఎర్ర దీపాలు,
దర్శనం క్యూలో జరుగుతున్నట్టు.
కొత్త గుడ్డ మీద మొదటి ఎండ.
ఎడమ వైపు కాస్త బరువుగా ఉంది,
చేతిచక్రం కుడికి తిప్పి పట్టుకున్నాను.
నేను వేసిన పూత అయ్యుంటుంది.
లేకపోతే ఆ బాకీ.

దిగేటప్పుడు గెంతింది.
షెడ్డు ముందు చెన్నిగప్ప
మూడు వేళ్లెత్తి నిలబడ్డాడు.
రెండే, అని అరిచాను.