ఎర్ర మీట

లీడ్స్‌లో ఒకప్పుడు కోట్లు కుట్టిన కార్ఖానా అది.
ఇప్పుడు మ్యూజియం. నేను మూడో గదికి కాపలా.
పెద్ద పనేం కాదు:
గాజుకి ముక్కులు ఆనించొద్దని పిల్లలకి,
టాయ్‌లెట్లు ఎటువైపో పెద్దవాళ్ళకి చెప్పడం.

ఆ ఏడు మార్చి నించి అక్టోబరు దాకా
మా గదిలో యిడ్డిష్ కాపురం ఉంది.

ఎవరో దర్జీ పద్దుపుస్తకం, చివరి అట్ట నించి మొదలయ్యేది.
తలకట్లు లేని అక్షరాలు
గొడుగు మరిచిపోయి వానలో నడిచేవాళ్ళలా
వంగి, కుడి నించి ఎడమకి.
ఎవరు ఎంత బాకీయో అందులో ఉందట.
తీర్చారా అని హెటీని అడిగాను. ప్రదర్శన పెట్టింది ఆవిడే.
నవ్వి ఊరుకుంది.

ఎత్తలేనంత ఇస్త్రీపెట్టె ఒకటి.
పెళ్ళిపందిరి గుడ్డ మీద కుట్టిన దానిమ్మపండు ఒకటి.
అందులో ఒక గింజ మాత్రం గోధుమరంగు.
ఎర్రదారం అయిపోయినట్టుంది,
ఉన్నదాంతో కానిచ్చేసింది ఆ తల్లి ఎవరో.
గది మొత్తంలో నాకు ఆ గింజ ఇష్టం.

గోడకి ఎర్ర మీట.
నొక్కితే ఒక ఆడగొంతు:
"హొస్ట్ గెగెసన్?"
తిన్నావా?
ఆ వెంటనే కుర్చీ జరిగిన చప్పుడు. అంతే.
పక్కన అట్ట మీద
'బ్రైనా సుకర్మన్, తన వంటింట్లో, 1981.'

బడిపిల్లలు నొక్కుతారు, మళ్ళీ నొక్కుతారు.
ఒక్క పూటలో రెండొందలసార్లు అడిగిందావిడ.
ఎవరూ బదులు చెప్పరు.
మీటకి ఎవరు చెబుతారు?

గురువారాలు జెలిగ్ బ్రాస్టాఫ్ వచ్చేవాడు.
ఎనభై దాటినవాడు.
నా యూనిఫాం కాలరు మడతపెట్టి చూసి
"మిషను పని" అని పెదవి విరిచి
తిన్నగా వెళ్ళి మీట నొక్కేవాడు.
"నొఖ్ నిట్," అనేవాడు గోడతో.
ఇంకా లేదు.

బాగున్నావా అని మావాళ్ళు ఊరికే అంటారు.
నిజంగా అడగాలంటే ఇదే అడుగుతారు.
అందుకే ఉండబట్టలేక, మీ అమ్మగారా అన్నాను.
"మా అమ్మా!
మా అమ్మ రొట్టెని బ్రెయ్ట్ అనేది.
ఈవిడ పోలండు మనిషి, బ్రోయ్ట్ అనే రకం.
మా వీధిలో ఈవిడకి చేబదులు ఉప్పు కూడా పుట్టదు."
రెండు మాటలకే ఎలా తెలిసింది?
"కాలరు చూస్తే కత్తిరించిందెవరో తెలీదూ?"

ఏరు దాటితే యాస మారుతుంది,
ఆ తగాదా నాకొకరు చెప్పాలా.
అయినా మళ్ళీ నొక్కాడు.
కుర్చీ జరిగేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.
"లేచింది," అన్నాడు మెల్లిగా. "తేవడానికి."

సెప్టెంబరులో రెండు గురువారాలు రాలేదు.
పండగలేమో అనుకున్నాను.
మూడోవారం ఒకామె వచ్చింది, తడి గొడుగుతో.
"ఇక్కడెవరో ఆవిడ మా నాన్నని ఏదో అడిగేదట.
నాకు ఆ భాష రాదు."
మీట చూపించాను. నొక్కింది.
"ఏమంటోంది?"

చెప్పాను. ఆమె నాన్న భాష ఆమెకి
నేను, మూడో గది కాపలాదారుణ్ణి, చెప్పాను.
"మరి ఆయన?"
ఇంకా లేదు అనేవారు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"అబద్ధాలకోరు!
ప్రతి గురువారం పన్నెండుకల్లా నాతో
చేపా చిప్సూ తినే వచ్చేవాడు.
నా చిప్స్ కూడా."
నవ్వుతోంది. గొడుగు నించి నీళ్ళు నేల మీద.
నేను తుడవాలి. తుడవలేదు.

అక్టోబరు ఆఖర్న అన్నీ పెట్టెల్లోకెళ్ళాయి.
పద్దుపుస్తకం, దానిమ్మ, ఇస్త్రీపెట్టెకి ఇద్దరు మనుషులు.
గావిన్ నిచ్చెనెక్కి వైర్లు విప్పుతున్నాడు.
నాకు కడుపు నిండా ఉంది,
మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేసే వచ్చాను.
మీట నొక్కాను.

"నొఖ్ నిట్."

కుర్చీ జరిగింది.
"తీసెయ్యనా?" అన్నాడు గావిన్ పైనించి.
ఒక్క నిమిషం ఆగవయ్యా, అన్నాను.