ఇవాయ్లా ఎడమ తుంటి

వార్నాలో ఈ జిమ్ కిటికీలు ఎప్పుడూ చెమర్చే ఉంటాయి.
బయట సముద్రం. నాకు తెలిసిన సముద్రమే,
ఒడెసాలో మా మేడమెట్ల మీంచి ఇంకో వైపు నుంచి చూసేదాన్ని.
ఇక్కడ నా పని పియానో.
పొద్దున్నే ఏడింటికి, రేడియేటర్లు ఇంకా దగ్గుతుండగా
పదకొండు మంది ఆడపిల్లలు వరసగా కడ్డీ పట్టుకుంటారు.

నేను వాయించేది వాళ్ళు వింటారో లేదో గానీ
వాళ్ళు వాయించేది నేను వింటాను.

కూర్చుని లేస్తే మోకాళ్ళు, పాదం తిప్పితే చీలమండలు,
బస్టాపులో ముసలాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు కొరికినట్టు
చిటుకు చిటుకుమని గది నిండా.
కాలీనా భుజం పొడిగా పలుకుతుంది.
మిగ్లెనా మణికట్టు, తడి బిరడా.
ఇవాయ్లా ఎడమ తుంటి మాత్రం
కాలు చెవి దాకా లేచి దిగేటప్పుడు, సరిగ్గా ఒకే చోట,
ఠక్కుమని
చెక్కపెట్టె గడియ పడ్డట్టు.
ఎంత కచ్చితమంటే, మూడో లెక్క దగ్గర
నేనొక స్వరం వదిలేసేదాన్ని. ఆ ఖాళీ దానిదే.

నేను చేరిన కొత్తల్లో కోచ్ జివ్కా అడిగింది: "నొప్పా?"
పిల్ల గడ్డం పైకెత్తి దించింది.
నా వేళ్ళు మీటల మీద బిగుసుకుపోయాయి.
గదంతా నవ్వింది. ఈ దేశంలో తల అలా ఎత్తితే కాదని,
అడ్డంగా ఊపితే అవునని
ఆ రోజు తలకెక్కింది. మెడకి ఎక్కలేదు.
రొట్టెల కొట్టునుంచి ఇప్పటికీ వద్దనుకున్నవే తెచ్చుకుంటాను.

"నొప్పి లేని చప్పుడు ఎముకల కబుర్లు," అంది జివ్కా,
తన మోకాలు వంచి వినిపించింది. పాత తలుపు.
పిల్లలు చప్పట్లు కొట్టారు.
మెటికలు విరిస్తే వేళ్ళు మొద్దుబారతాయని నన్ను కొట్టిన
మా సంగీతం టీచరమ్మ గుర్తొచ్చి
నేనూ పదీ విరిచాను. ఎనిమిదే పలికాయి.

మార్చి వచ్చింది. అందరి చేతులకీ ఎరుపూ తెలుపూ దారాలు,
మొదటి కొంగ కనపడేదాకా విప్పకూడదట.
పోటీలకి పద్దెనిమిది రోజులు.
ఇవాయ్లా దుస్తుల మీద మెరుపు రాళ్ళన్నీ
వాళ్ళ నాన్నమ్మే అంటించింది,
నాలుగు వందల పన్నెండని ఆ పిల్ల నాకు రెండుసార్లు చెప్పింది.

ఒక మంగళవారం మూడో లెక్క దగ్గర స్వరం వదిలేశాను.
ఆ ఖాళీలోకి ఏమీ రాలేదు.

బుధవారం కూడా.
కాలు లేచింది. చెవి దాకా లేచినట్టే ఉంది.
కానీ నడుము వెంట్రుకవాసి పక్కకి ఒరిగి,
బరువు కుడికి జారి,
గడియ ఉన్న గుమ్మాన్ని తప్పించుకుని
దొడ్డిదారిన వెళ్తోంది కాలు.
చూసేవాళ్ళకి మెరుగైనట్టే ఉంటుంది. చప్పుడు లేదు కదా.

నాకొచ్చిన బల్గేరియన్‌తో ఎంతని చెప్పగలను?
"ఇవాయ్లా. చప్పుడు లేదు," అన్నాను.
"మంచిదేగా," అంది జివ్కా.
"లేదు, లేదు," అంటూ నా తుంటి మీద చెయ్యేసుకుని
ఒంటికాలి మీద నిలబడి, పక్కకి ఒరిగి చూపించాను.
అరవై మూడేళ్ళదాన్ని. పిల్లలు పగలబడ్డారు.
ఇవాయ్లా నవ్వలేదు.

జివ్కా అది చూసింది.
వెళ్ళి తివాచీ మీద మోకాళ్ళూని
అరచెయ్యి పిల్ల తుంటికి ఆనించి,
"ఎత్తు. తిన్నగా. ఒరగకుండా," అంది.
సగం లేచిన కాలు గాల్లో ఆగింది.
"నొప్పా?"

ఇవాయ్లా తల అడ్డంగా ఊపింది,
ఒక్కసారి, చాలా మెల్లిగా.

హమ్మయ్య అనుకుని నేను మొదటి స్వరం నొక్కేశాను.
జివ్కా వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది.
రెండో చేత్తో అప్పటికే
వేళ్ళకి తొడిగే ఆ సగం జోడు
విప్పుతోంది.