రెండు తర్జుమాలు

బల్లార్షా నుంచి బస్సు టాపు మీద వచ్చింది మానిటర్.
సిరొంచలో దించేసరికి డబ్బా మీద
ఎవరి కోడిదో రెట్ట.
వెనక దానికి రెండు నోళ్లు:
ఒకటి నీలం, పదిహేను చిల్లులు, అటూ ఇటూ మరలు.
ఇంకొకటి నల్లగా, సన్నగా,
చెప్పాలా వద్దా అన్నట్టు బిగబట్టిన పెదవులు.

నీలం వైరు ఇంట్లోనే ఉంది, పదేళ్లది, ఐదు మీటర్లు.
ఇన్వర్టర్ పక్కన సీపీయూ, కిటికీ పక్కన నేను,
మధ్యలో గోడ వెంట అది.
నల్లది కొనాలంటే మూడు వందల యాభై,
అంటే నూట డెబ్బై ఐదు జిరాక్సులు.
నీలందే బిగించాను.

అక్షరం పక్కన అక్షరం నీడ.
ప్రతి గీతకూ కుడివైపు
బూడిదరంగు తమ్ముడొకడు.
ఆటో బటన్ నొక్కితే తెర ఒళ్లు విరుచుకుని
మళ్లీ అక్కడే కూర్చుంది.
మరాఠీ అక్షరం మీది చుక్క చుక్కేనో దుమ్మో
గోటితో గీకితే గాని తెలియదు.

మైకుసెట్ల ఓదెలు వచ్చి చూశాడు.
"లోపల డబ్బాకు తెలిసింది అంకెలే అన్నా.
ఈ నీలం వైరు కోసమని అంకెల్ని అలలు చేస్తది.
అవతల మానిటర్‌కు తెలిసిందీ అంకెలే,
అలల్ని మళ్ల లెక్కవెట్టుకుంటది.
పోయేకాడ ఒక తర్జుమా, చేరేకాడ ఒక తర్జుమా.
గింత దూరంల కొంత ఒలికిపోదా?"

బెంచీ మీద గట్టక్క వింటోంది.
ఆమె సాత్‌బారా నా చేతిలోనే ఉంది.
పోయినేడు ఆమె తెలుగులో చెప్పింది:
వాన మొకం చాటేసింది, గిత్తకు కాలిరిగింది,
ఒక్క కారు చెల్క ఇడిసిపెట్టిన.
నేను మరాఠీలో కొట్టాను: పడీక్.
తలాఠీ చదివి
కిటికీలోంచి ఆమెకు తెలుగులో అరిచాడు: బీడు.
గిత్త ఏ వైరులో ఒలికిపోయిందో,
వాన ఏ మలుపులో అలిగి ఆగిపోయిందో
కాగితానికి పట్టలేదు.

"గా నల్ల వైరు," అంది గట్టక్క,
"నా నోట్లకెల్లి ఆఫీసుదాంక ఏస్తే
ఎంతైతది?"
ఓదెలు నవ్వబోయి
నా మొహం చూసి ఆపేశాడు.

బజార్లో నల్లది ఒకటిన్నర మీటరే దొరికింది.
దాని కోసం టేబుల్ జరిపాం, ఇన్వర్టర్ జరిపాం,
ఎప్పటిదో ఒక రూపాయి బిళ్ల బయటపడింది.
ఓదెలు ముందే చెప్పాడు:
"నీలంది జబ్బుపడ్డా వణుక్కుంటనన్న చూపిస్తది.
ఇది ఉంటే నిండుగుంటది, లేదంటే చీకటే."
తెర వెలిగింది.
చుక్క చుక్కలా, కొమ్ము కొమ్ములా.
నా తప్పు కూడా తప్పులా.

మళ్లీ చెప్పక్కా, మొదటికెల్లి, గిత్త పేరుతో సహా.
సిలుకడు, అంది.
పడీక్ చెరిపాను.
ఆ ఒక్క మాట ఖాళీ చేసిన జాగాలో
ఆమె మాటలు పట్టక
అర్జీ రెండో పేజీలోకి జారింది.
తలాఠీ రెండో పేజీ తిప్పుతాడా అంటే
చెప్పలేను.

నల్ల వైరుకు మరలు లేవు,
మోకాలు తగిలితే ఊడుతుంది.
తెర ఆరినా లోపల కొట్టింది పోదంటాడు ఓదెలు.
అయినా మోకాళ్లు ముడుచుకునే కూర్చున్నాను.
సిలుకడి కాలి దగ్గర ఉన్నాను.