అర్జీలో చెంగయ్య

కావలి ఆర్డీవో ఆఫీసు గోడవారన
నీలం టార్పాలిన్ కింద నా బల్ల.
టైపు మిషను మా మామది.
ఎమ్ అక్షరం గీతకి కాస్త పైన పడుతుంది,
బురదలో నడిచేవాడు కాలెత్తి వేసినట్టు.

తెలుగులో రాసిస్తానన్నా ఎవరూ ఒప్పుకోరు.
తెలుగైతే ఆఫీసరు చదివి పక్కన పెడతాడంట,
ఇంగ్లీషైతే చదవకుండా సంతకం పెడతాడంట.

తుమ్మలపెంట పెంచలమ్మ రావడం ఇది మూడోసారి.
తుఫాను ముందురోజు పోయిన బోటులో నలుగురు.
ముగ్గురు రామాయపట్నం దగ్గర తేలి ఒడ్డెక్కారు.
పదకొండు నెలలు.

"ఏమని కొట్టమంటావమ్మా?"
"నా మొగుడని కొట్టు."
"ఆ తర్వాత?"
"తర్వాతది నీకే తెలవాల, చదువుకున్నోడివి."

ఇంటరు రెండుసార్లు తప్పినవాణ్ణి నేను.
ముందు తెలుగులో అనుకుని చూసుకుంటాను ఏదైనా.
వేటకి పోయిన చెంగయ్య.
అందులో 'వేటకి' తీసేస్తే చాలు,
మనిషి అయిపోయాడు.

మన మాటల్లో చెప్పాల్సిందంతా ముందు నడుస్తుంది
ఊరేగింపులో తప్పెట్లలాగా.
మనిషి అన్నిటికన్నా వెనక వస్తాడు,
వచ్చేసరికే అతని సంగతి తేలిపోయి ఉంటుంది.
రాని మనిషి. రాగల మనిషి. రావలసిన మనిషి.
మరి, రావచ్చు?
రావచ్చిన మనిషి అని చూడండి,
ఒకటో తరగతి పిల్లకాయలు కూడా నవ్వుతారు.
'వచ్చు' వాక్యం చివర ఇసకలో కూర్చుంటుంది.
ఎంత పిలిచినా
మనిషికి ముందుకొచ్చి నిలబడదు.

ఇంగ్లీషులో మనిషే ముందు.
ఆ వెంటనే 'హూ' అని ఒక చిన్న తలుపు.
లోపల మే, మైట్, కుడ్, మస్ట్
ఎవరైనా కూర్చోవచ్చు.
పోయినసారి నేను మే ని కూర్చోబెట్టాను.
సెక్షన్ క్లర్కు తిప్పి పంపాడు.
"మే అంటే ఫైలు కదలదయ్యా. మస్ట్ కొట్టు.
పక్కన సర్టన్లీ కూడా తగిలించు, గట్టిగా ఉంటుంది."

పెంచలమ్మకి చెప్పాను.
"మస్టు అంటే?"
"చచ్చిపోయే ఉంటాడు, అనుమానం లేదని."
"ముందు కొట్టిందో?"
"చచ్చిపోయి ఉండొచ్చని."
"ఉండొచ్చు అంటే, ఉండకపోనూవచ్చు గదబ్బయా."
"అవును."
"దుడ్లు దేనికిస్తారు?"
"మస్టుకి."

ఎండు నెత్తళ్ళ సంచి బల్ల మీద పెట్టింది.
కొంగు ముడి విప్పింది, మళ్ళీ వేసుకుంది.
బోటు ఓనరు అప్పు, పెద్దదాని నర్సింగు ఫీజు
వేళ్ళ మీద లెక్కేసుకుని
ఒక వేలు దగ్గర ఆగింది.

"సరే, అదే కొట్టు. దానికి ముందు ఇంకోటి కొట్టు.
అమాసకి ఎప్పుడూ వేటకి పోడు, అని."
"అది ఆఫీసుకి అక్కర్లేదమ్మా."
"ఆఫీసుకి కాదులే."

'ఎప్పుడూ పోడు'కి నెవర్ సరిపోతుంది.
హూ దాటాక, క్రియకి ముందు, దాని చోటు దానికుంది.
ఆ మనిషి, కామా,
అమావాస్యకి ఎప్పుడూ వేటకి పోడు, కామా,
ఆ తర్వాత మస్ట్, సర్టన్లీ, మిగిలిందంతా.
రెండు కామాల నడుమ
జానెడు చోటు.
అక్కడ ఆయన ఇంటి పట్టునే ఉన్నాడు,
వలకి చిల్లులు కుట్టుకుంటూ.

ఫైలు కదిలింది.
క్లర్కు నన్ను లోపలికి పిలిచి
ఎర్ర పెన్నుతో ఒక మాట చుట్టూ సున్నా చుట్టాడు.
"గోస్ ఏందయ్యా? వెంట్ కదా ఉండాలి?
పోయినోడికి వర్తమానం ఏంది?"

ఆమె 'పోడు' అంది,
'పోయేవాడు కాదు' అనలేదు.
అది ఆయనకి చెప్పలేదు నేను.

"మిషను పాతది సార్," అన్నాను.