ఎండ్రకాయ అని రాయలేదు

ఐదో రోజు జ్వరం.
మాత్ర వేస్తే గంటసేపు దిగి
మళ్లీ ఎక్కేది, పోటుకి ఎక్కే ఏటిలాగ.
కళ్లు ఎరుపు, పుసి మాత్రం లేదు.
పెదాలు, వేసవిలో నీళ్లు కట్టేసిన కాలవ అడుగు.
నాలిక చాపమంటే
పండిన దొండకాయని చీరినట్టు
ఎర్రగా, గింజలు గింజలుగా.

మా అమ్మ తట్టు అంది.
వేపమండ గుమ్మానికి గుచ్చబోయి
మేం చర్చికెళ్లేవాళ్లమని గుర్తొచ్చి
పిల్ల దిండు కింద దాచింది.
సూరిబాబు డాక్టరు
(డాక్టరు కాదు, అయినా అలాగే అంటాం)
రెండు రకాల యాంటీబయాటిక్ మార్చాడు.
పక్కింటి మంగతాయారు రొయ్యల చెరువు నీళ్లంది.
సువార్త ఏమీ అనలేదు, నావైపు చూసింది.
ఆదివారం కెజియాని లాకుల మీదికి తీసుకెళ్లింది నేనే.
గుర్రపుడెక్క పువ్వు కోసిచ్చింది నేనే.

ఎదుర్లంక వంతెన మీద బస్సు నెమ్మదించింది.
ఎప్పుడూ కిటికీకి అతుక్కుపోయే పిల్ల
గోదారిని చూడలేదు.
అప్పుడేసింది నాకు భయం.

కాకినాడలో పద్మలత గారు
చీటీ వెనక గుండె బొమ్మ గీశారు.
దాని మీద పాకే రెండు సన్న కాలవలు.
ఒకచోట పెన్ను ఆపి, కొంచెం లావు చేశారు.
ఆవిడ చెప్పకముందే అర్థమైంది,
గట్టు పొట్ట పొడుచుకొచ్చింది.

ఏ పురుగండీ, అన్నాను.
దొరకలేదన్నారు.
రక్తాన్ని సీసాలో పెట్టి రోజూ చూశారట,
ఏమీ మొలవలేదట.
ఏ వైరసో వచ్చి, పని ముగించుకుని
మనం వెతికేలోపు వెళ్లిపోయి ఉండొచ్చు.
ఏదో విషపు తునక
ఒంట్లో కాపలా అంతటినీ ఒక్కసారే లేపి ఉండొచ్చు.
గాలిలో వస్తుందనేవాళ్లున్నారు,
పుట్టుకలోనే ఏదో ఉండాలనేవాళ్లున్నారు.
"నరాలని కొట్టింది మాత్రం బయటివాడు కాదు, నాయనా,
పాప కాపలావాళ్లే."

నాన్న లస్కరుగా ఉన్నప్పటి వరద.
అర్ధరాత్రి ఎవడో, ఎవడో ఇప్పటికీ తెలీదు,
గండి పడిందని కేకేశాడు.
ఊరంతా పారలతో పరిగెత్తింది.
చీకట్లో మట్టికోసం తవ్వి తవ్వి
తెల్లారి చూసుకుంటే
తవ్వింది మంచి గట్టునే.
ఎవరిలోనూ దుర్మార్గం లేదు.
నాన్న ఆ పారలవాళ్లని తిట్టలేక
గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

రాత్రంతా పన్నెండు గంటలు
ఒక సీసాలోంచి చుక్క చుక్క ఎక్కింది.
వేలమంది నెత్తుట్లోంచి తీసిన నీరట.
ఎవరెవరో, ఏ ఊళ్లవాళ్లో,
ఏయే జ్వరాలు దాటినవాళ్లో.
వాళ్లొచ్చి మా పిల్ల లోపలివాళ్లతో ఏం మాట్లాడారో గానీ
వేకువకి పారలు దించారు.
ఎలా ఒప్పించారండీ, అంటే
అదీ పూర్తిగా తెలియదన్నారు డాక్టరమ్మ,
నవ్వకుండానే.

ఇంటికి పంపే రోజు కాగితం చదివించుకున్నాను.
కారణం: తెలియదు.
మళ్లీ చదవమన్నాను నర్సుని.

మా శాఖలో ఆ మాట ఎవరం రాయం.
గండి పడితే పై ఆఫీసుకి నివేదిక వెళ్లాలి,
కారణం గడి ఖాళీగా ఉంటే వెనక్కొస్తుంది.
అందుకని ఎండ్రకాయ బొరియ అని రాస్తాం.
పన్నెండేళ్ల ఉద్యోగంలో
ఎన్ని ఎండ్రకాయల మీద నేరం మోపానో
లెక్క లేదు.

మూడో వారం వేళ్ల చివర తోలు ఊడింది.
కెజియా ఒక పొరని పలకకి అంటించి
ఇది పాత నేను, అంది.
రోజూ ఒక చిన్న ఆస్పిరిన్, అరటిపండు ముక్కలో.
వచ్చే నెల మళ్లీ గుండె ఫొటో.
పొట్ట తగ్గొచ్చు. తగ్గకపోవచ్చు.
సువార్త ఇంకా దాన్ని కాలవవైపు రానివ్వదు,
నేనూ వాదించను.
తన గడిలో తను ఏదో ఒకటి రాసుకోవాలి కదా.

రాత్రి డ్యూటీలో గట్టు వెంట నడుస్తాను,
మెత్తబడ్డ చోట అరచెయ్యి ఆనించి చూస్తాను.
టార్చి వెలుగుకి ఎండ్రకాయలు
పక్కకి జరిగి, కాళ్లు ముడుచుకుని
నా దిక్కే చూస్తాయి.
లైటు తిప్పేస్తాను.